చైనీస్ బఫేలో వంటగది తలుపు కనిపించే చోట కూర్చోండి

భీమవరం చుట్టుపక్కల చెరువుల దగ్గర రొయ్యల కౌంటు, అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క, చూసి సరుకు కొనడం నా పని. చెరువులో ఒక పెద్ద పట్టుబడి ముగిసిందంటే మా ఇంట్లో పిల్లలకు చైనీస్ బఫే గుర్తుకొస్తుంది. మనిషికి నాలుగు వందల లోపు కట్టి కావలసినంత తినమనే హోటళ్ళు మా వైపు పట్టణాలకూ వచ్చాయి. అక్కడ ఎలా తినాలని ఎవరైనా అడిగితే నేను ముందుగా చెప్పేది, వంటగది తలుపు కనిపించే బల్ల చూసుకోమని. ఏ పాత్ర ఎప్పుడు లోపలి నుంచి వచ్చిందో తెలిసినవాడే బఫేలో బాగా తింటాడు.

చైనీస్ వంట పెద్ద మంట మీద నిమిషాల్లో అయిపోతుంది, చెడడం కూడా అంతే తొందరగా చెడుతుంది. పులస పులుసు మర్నాటికి రుచి తేరుతుంది కానీ చిల్లీ చికెన్‌కు ఆ గుణం లేదు. మూత పెట్టిన పాత్రలో ఆవిరి పైకి లేచి, మూతకు తగిలి, నీటిబొట్లై మళ్ళీ ముక్కల మీదే పడుతుంది. కరకరలాడే పూత కాసేపటికే మెత్తబడుతుంది. మొక్కజొన్న పిండితో చిక్కబరచిన గ్రేవీ ఎక్కువసేపు వేడి మీద ఉంటే పైన పొర కట్టి, అంచుల్లో నీరు వదులుతుంది. అందుకని జనం లేని వేళ చూసుకుని ప్రశాంతంగా తిందామనుకోకండి. ఆదివారం మధ్యాహ్నం ఒంటి గంటకు వెళ్ళండి. గరిటె కోసం కాచుకోవలసి వస్తుంది, నిజమే, కానీ వచ్చిన పాత్ర వచ్చినట్టే ఖాళీ అవుతుంది. మూడు గంటలకు వెళ్ళేవారికి మిగిలేది పొద్దుటి సరుకు. కార్తీక మాసంలో మా జిల్లాలో చాలా ఇళ్ళవాళ్ళు నీచు ముట్టరు. ఆ నెల రోజులూ చికెన్, రొయ్యల పాత్రలు కదలక మెదలక కూర్చుంటాయి. మీకు పట్టింపు లేకపోయినా ఆ నెలలో బఫే మానుకుని, కావలసింది విడిగా చెప్పి చేయించుకోండి.

లోపలికి అడుగు పెట్టేముందే డబ్బు సంగతి తేల్చుకోవాలి. బోర్డు మీద 399 అని ఉంటే, ఐదు శాతం జీఎస్టీ కలిపి 419 అవుతుంది. నలుగురికి 1,676. నీళ్ళ సీసా, కూల్‌డ్రింకు అందులో కలిశాయా, పిల్లలకు సగం ధర వయసును బట్టా ఎత్తును బట్టా, స్టార్టర్లు బల్ల దగ్గరికి తెస్తారా మనమే వెళ్ళాలా, రొయ్యలు అన్ని రోజులూ ఉంటాయా ఆదివారమేనా అని అడగండి. అడగడానికి మొహమాటపడేవాళ్ళు మా గోదావరి వైపు చాలామంది. బిల్లు వచ్చాక వాదించడం కన్నా ఇది మర్యాదైన పని. పళ్ళెంలో వదిలేస్తే అదనంగా వసూలు చేస్తారేమో కూడా కనుక్కోండి. కొన్నిచోట్ల ఆ నియమం ఉంది, నా మటుకు అది న్యాయమే. ఈ నియమం మనవాళ్ళకు ఎక్కడ చుట్టుకుంటుందంటే, కొసరి కొసరి వడ్డించే అలవాటు దగ్గర. మా అత్తగారు పక్కవాళ్ళ పళ్ళెం ఖాళీగా కనిపిస్తే ఊరుకోలేరు. బఫేలో ఎవరి పళ్ళెంలో వాళ్ళే వడ్డించుకోవాలని బండి దిగకముందే ఒప్పందం చేసుకోండి.

కూర్చున్నాక వెంటనే పళ్ళెం పట్టుకోకండి. ఉత్త చేతులతో ఒకసారి కౌంటరంతా చుట్టి రండి. వరుస మొదట్లో ఉండేవి సాధారణంగా సలాడ్, ఫ్రైడ్ రైస్, నూడుల్స్. మాంసం, రొయ్యలు చివర. ఆకలి మీద ఉన్నవాడు ఎదురుగా కనిపించినవాటితో పళ్ళెం నింపేస్తాడని హోటలువాళ్ళకు తెలుసు. చుట్టి వస్తూ మూతలెత్తి చూడండి. ఆవిరి దట్టంగా పైకి రావాలి, పాత్ర కింద తొట్టిలో నీళ్ళు, దాని కింద మంట ఉండాలి. వేడిగా వడ్డించే పదార్థం 60 డిగ్రీలకు తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. థర్మామీటరు ఎవరూ పట్టుకెళ్ళరు కదా, మంట ఆరిపోయిన పాత్ర జోలికి పోకుంటే చాలు.

సూప్ ఒక్క చిన్న గిన్నెతో ఆపండి. మాంచౌ సూప్ మీద వేసే వేయించిన నూడుల్స్ కరకరలాడుతూ బాగుంటాయి, కానీ ఆ సూప్ చిక్కదనమంతా మొక్కజొన్న పిండిదే, కడుపు బిగుస్తుంది. "బావా, ఇంత డబ్బు కట్టి చారు తాగి లేవమంటావా?" అంటాడు మా బావమరిది. ఆ మాట వరకు అతను చెప్పింది సబబే.

ఇక రొయ్య. ఇక్కడ నాకు మాట ఆగదు. కౌంటు అంటే ఏమిటో మొదట్లో చెప్పాను. ముప్పై కౌంటు పెద్ద రొయ్య. వంద కౌంటు అంటే ఒక్కొక్కటి పది గ్రాములు. ఈ ధర బఫేలో పెద్ద కౌంటు ఆశించకండి, వాళ్ళకు గిట్టదు. వంద కౌంటు రొయ్యకు తల, పొట్టు తీస్తే మిగిలేది దాదాపు సగం, అంటే ఐదు గ్రాములు. పళ్ళెంలో బొటనవేలంత లావున కనిపిస్తోందంటే పైదంతా పిండి. అది మోసమని నేను అనను. పూత లేకుండా అంత చిన్న రొయ్యను సలసల కాగే నూనెలో వేస్తే రబ్బరైపోతుంది. కానీ పూత పల్చగా ఉండాలి. అందుకని మొదట ఒక్కటే తెచ్చుకుని రెండుగా తుంచి చూడండి. లోపల రొయ్య కాస్త వంగి అర్ధచంద్రాకారంలో ఉంటే సరిగ్గా ఉడికినట్టు. తలవైపు కొస తోకను తాకేలా సున్నా చుట్టుకుంటే మంట మీద ఎక్కువసేపు ఉందని అర్థం. కొరికితే పంటి కింద తెగాలి. మెత్తటి ముద్దలా నలిగిపోతే తాజా సరుకు కాదు. ముక్కుకు అమ్మోనియా ఘాటు తగిలితే పక్కన పెట్టి వడ్డించే అబ్బాయికి చెప్పండి. ఎంత వెల్లుల్లి, ఎంత సోయా సాస్ పోసినా ఆ వాసన దాగదు.

ఈ రొయ్యలు దాదాపుగా వనామి రకానివే. 2009లో ప్రభుత్వ అనుమతి వచ్చాక మా చెరువుల్లో టైగరు రొయ్యను తోసేసి అదే నిలబడింది. చెరువు ఊళ్ళోనే ఉన్నా హోటలుకు వచ్చేది చాలాసార్లు గడ్డకట్టిన సరుకే. దానికి వంక పెట్టనక్కరలేదు. పట్టిన రోజే గడ్డకట్టించిన రొయ్య, రెండు రోజులు ఐసులో నానిన రొయ్య కన్నా మేలు. మొదటిది బాగుందా, అప్పుడు బల్ల దగ్గర ఓపిక పట్టండి. తలుపు తెరుచుకుని కొత్త పాత్ర రాగానే లేవండి. అయిదారు తెచ్చుకోండి, వేడి మీద తినండి, మళ్ళీ కూర్చోండి. కొందరు వంటవాళ్ళు అడిగితే అప్పుడే వేయించి ఇస్తారు కూడా. ఇలాంటి వంటగదుల్లో నేపాల్ నుంచో బెంగాల్ నుంచో వచ్చిన కుర్రవాళ్ళు కనిపిస్తుంటారు. హిందీలో రెండు మంచి మాటలు చెబితే పని అవుతుంది.

ఫ్రైడ్ రైస్ గురించి ఎక్కువ చెప్పను. వరి పండించే ఊళ్ళవాళ్ళం, అన్నం ఇంట్లో ఉంది. పైగా వండిన అన్నం గంటల తరబడి గది వేడిలో ఉంటే అందులో పెరిగే ఒక రకం బాక్టీరియా విషాన్ని విడుస్తుంది, మళ్ళీ వేడి చేసినా అది పోదు. పొగలు కక్కుతుంటేనే రెండు గరిటెలు. నూడుల్స్ ఎదురుగా కడాయిలో కలిపి ఇచ్చే చోట తినండి, పాత్రలో ముద్దకట్టినవి వదిలేయండి.

మా అమ్మ శాకాహారి, ఆమెతో వెళ్ళినప్పుడు విచారించవలసినవి వేరు. కూరగాయల సూప్ చికెన్ ఉడికించిన నీళ్ళతో చేశారా, గోబీ వేయించే నూనె చికెన్‌కు వాడేదేనా, ఫ్రైడ్ రైస్‌లో గుడ్డు ఉందా, కూరగాయల్లో ఆయిస్టర్ సాస్ పోశారా అని నేనే లోపలికి వెళ్ళి అడుగుతాను. ఆ సాస్‌ను సముద్రపు ఆల్చిప్పలతో చేస్తారు. జనం ఎక్కువైతే చికెన్ గరిటె గోబీ పాత్రలోకి వస్తుంది, కాబట్టి ఆమెకు కావలసినవి పాత్ర తెరిచిన వెంటనే తెచ్చేస్తాను. గోబీ మంచూరియా చైనాలో ఇలాగే ఉంటుందా అని ఆమె అడిగారు. మంచూరియన్ అక్కడిది కాదు, కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే చైనీయుడు 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్‌లో మొదట చికెన్‌తో చేశాడంటారు. పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి మనవి. సోయా సాస్, మొక్కజొన్న పిండి అతను కలిపినవి. అది విన్నాక అమ్మ ఇంకో రెండు ముక్కలు వేసుకున్నారు.

తీపికి చోటు ఉంచుకోవాలనుకుంటే దర్శాన్ చూడండి. వేయించిన నూడుల్స్ పట్టీలకు తేనె పట్టించి, నువ్వులు చల్లి, ఐస్‌క్రీమ్‌తో ఇస్తారు. గులాబ్‌జామ్ పెట్టి ఊరుకునే చోట లేచిపోవచ్చు, తాపేశ్వరం కాజాలు దొరికే నేల మీద ఆ గులాబ్‌జామ్‌కు చోటు దండగ.

బిల్లు వస్తే పై నుంచి కింద దాకా చదవండి. తలల లెక్క, పిల్లల ధర, నీళ్ళ సీసాలు సరిచూడండి. సర్వీస్ ఛార్జి అని విడిగా వేసి ఉంటే తీసేయమని చెప్పవచ్చు. దాన్ని తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. వినకపోతే 1915కు ఫోను చేయవచ్చు. వడ్డించిన అబ్బాయి బాగా చూసుకుంటే ఆ డబ్బేదో అతని చేతికే ఇవ్వండి. బిల్లు వచ్చే సమయానికి చేతులు కడుక్కోవడానికి వెళ్ళే బావమరిది విషయంలో మాత్రం నా దగ్గర ఉపాయం లేదు.