ఫోన్‌లో భయపెట్టని ట్రైలర్‌ని ఎలా సరిచేశానంటే
బర్కత్‌పురలో ఒక పాత ఇంట్లో తీసిన మా కాలేజీ హారర్ సినిమా ట్రైలర్ ఎడిటింగ్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తే వణుకు పుట్టింది కానీ, అమీర్‌పేట మెట్రోలో చెల్లికి ఫోన్‌లో చూపిస్తే, "అన్నా, ఏం వినపడట్లేదు" అంది.

భయమంతా 50 హెర్ట్జ్ దగ్గర, అంటే చాలా మంద్రంగా, గుర్రుమనే శబ్దం మీద పెట్టాను, చిన్న ఫోన్ స్పీకర్ అంత కింది శబ్దాన్ని దాదాపు పలికించలేదు. దాన్ని తగ్గించి, గొళ్ళెం కిర్రుమనడం, బావి గిలక చప్పుడు పైకి తెచ్చి, దెయ్యం కనిపించే ముందు ఒక సెకను పూర్తి నిశ్శబ్దం ఉంచాను. చీకటి షాట్లలో ముఖాల మీద వెలుతురు కాస్త పెంచాను.

తర్వాత 9:16లో, అంటే ఫోన్ నిలువు తెరకు సరిపోయే కొలతలో, కట్ చేసి, మొదటి 3 సెకన్లలోనే గిలక తనంతట తాను తిరిగే షాట్ పెట్టి, స్క్రీనింగ్ తేదీతో సహా కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో పంపాం. ఈసారి చెల్లి సగంలోనే ఫోన్ నా చేతిలో పెట్టేసింది.