డెల్టా ఇళ్లలో తక్కువ ఖర్చుతో మీడియా సర్వర్ ఏర్పాటు

పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు, సినిమాలు నలుగురి ఫోన్లలోనూ చెల్లాచెదురుగా ఉన్నప్పుడు, వాటిని ఒకచోట చేర్చి ఇంటి టీవీలో చూసుకోవడానికి ఖరీదైన నాస్ పెట్టె (ఇంటి నెట్‌వర్కుకు తగిలించే డిస్కుల పెట్టె) కొననవసరం లేదు. మూలన పడి ఉన్న డెస్క్‌టాప్ చాలు. 7వ తరం ఇంటెల్ ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్ ఉంటే ధారాళం. మిగిలిన డబ్బు హార్డ్‌డిస్కులకు, యూపీఎస్‌కు పెట్టడం మేలు.

ముందుగా మూత తీసి చూడాలి. నరసాపురం, అంతర్వేది వంటి తీరప్రాంతాలలో ఉప్పుగాలికి ర్యామ్ కొసలపైనా, స్క్రూలపైనా చిలుము పడుతుంది. ఫ్యాను వెనుక బల్లిగుడ్లు కనిపించినా ఆశ్చర్యం లేదు. దుమ్మును మెత్తని బ్రష్షుతో దులిపి, ర్యామ్ కొసలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీని మార్చాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు యంత్రం తనంతట తానే లేచేలా బయోస్‌లో (యంత్రం లేచేటప్పుడు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగులలో) అమర్చాలి.

సెకనుకు 24 మెగాబిట్ల వేగంతో చిత్రీకరించిన గంట వీడియో దాదాపు 11 జీబీ ఆక్రమిస్తుంది కనుక, 4 టీబీ డిస్కు చాలా కుటుంబాలకు సరిపోతుంది. కొనేటప్పుడు అది సీఎంఆర్ రకమో (ట్రాకులు, అంటే సమాచారం రాసే గీతలు, ఒకదానిపై ఒకటి పడకుండా పక్కపక్కన ఉండే రకం) కాదో అడగండి. మరో రకమైన ఎస్ఎంఆర్ డిస్కులలో ట్రాకులు ఇంటి కప్పు పెంకుల్లా ఒకదానిపై ఒకటి పరచి ఉంటాయి. తిరగరాసేటప్పుడు అవి బాగా నెమ్మదిస్తాయి.

ఓపెన్‌మీడియావాల్ట్‌ను (పాత కంప్యూటరును ఫైల్ సర్వర్‌గా మార్చే లైనక్స్ ఆధారిత వ్యవస్థ) విడిగా ఒక చిన్న ఎస్ఎస్‌డీలో ఎక్కించి, పెద్ద డిస్కును ఈఎక్స్‌టీ4గా (లైనక్స్ వాడే ఫైల్ అమరిక) ఫార్మాట్ చేసి, ఎస్ఎంబీ (నెట్‌వర్కులో ఫైళ్లు పంచుకునే పద్ధతి) ద్వారా ఇంటిల్లిపాదికీ తెరవాలి. ఆపై డాకర్‌లో (ప్రోగ్రాములను విడివిడిగా నడిపే సాధనం) జెల్లీఫిన్ పెట్టుకోవాలి; వీడియోలను, ఫొటోలను టీవీకి, ఫోన్లకు అందించే ప్రోగ్రాము ఇదే. ఓపెన్‌మీడియావాల్ట్, జెల్లీఫిన్ రెండూ ఉచితమే. సినిమా ఫైలు పేరు పక్కన విడుదలైన సంవత్సరం రాస్తే పోస్టరు, వివరాలు చాలావరకు సరిగా వస్తాయి. సర్వర్ నుంచి రౌటరుకు వైఫై వద్దు, కేబులే వేయండి.

సగటున 40 వాట్లు వాడే యంత్రానికి నెలకు సుమారు 29 యూనిట్లు అవుతాయి. యూపీఎస్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి, ఓపెన్‌మీడియావాల్ట్‌లో నట్ ప్లగిన్ (యూపీఎస్ స్థితిని గమనించే అదనపు ప్రోగ్రాము) అమర్చితే, బ్యాటరీ తరిగేలోపే సర్వర్ క్రమంగా ఆగిపోతుంది. వానాకాలంలో ఇది తప్పనిసరి.

రెయిడ్ 1 (ఒకే సమాచారాన్ని రెండు డిస్కులలో ఒకేసారి రాసే అమరిక) పెట్టాం కదా అని ధీమా పడకూడదు. ఒక డిస్కులో చెరిపిన ఫైలు రెండోదానిలోనూ చెరిగిపోతుంది. 1986, 2022 గోదావరి వరదలు చూసిన లంక గ్రామాలలో మరో జాగ్రత్త అవసరం: యంత్రాన్ని నేలమీద కాక ఎత్తయిన బల్లపై ఉంచి, ఆర్‌సింక్‌తో (ఫైళ్లకు నకలు తీసే ప్రోగ్రాము) తీసిన నకలు ఉన్న డిస్కును సిలికాజెల్ పొట్లాలతో బిగుతైన డబ్బాలో పెట్టి, మెరకన ఉన్న బంధువుల ఇంట దాచాలి. ఈఎక్స్‌టీ4 డిస్కును విండోస్ నేరుగా చదవలేదు కాబట్టి, అదే డబ్బాలో లైనక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ కూడా ఉంచి, దానితో వేరే కంప్యూటరులో రెండు మూడు ఫైళ్లు తెరిచి చూసుకోవాలి.