రంగు కనిపెట్టే ఆట, మూడో పాఠం: మొదట ఒక మాట, తర్వాత రెండు

కిందటి పాఠంలో బోర్డు తయారైంది: ఏ నుంచి ఎల్ వరకు 12 అడ్డు వరుసలు, 1 నుంచి 20 వరకు నిలువు వరుసలు, మొత్తం 240 గళ్లు. ఎడమ నుంచి కుడికి ఎరుపు, నారింజ, పసుపు, పచ్చ, నీలం, ఊదా, గులాబి. పై నుంచి కిందికి లేత నుంచి ముదురు. బజార్లో దొరికే ‘హ్యూస్ అండ్ క్యూస్’ బోర్డులో 480 గళ్లుంటాయి కానీ, అది పదిమంది వరకే. బెంగళూరులో అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఉగాదికి పాతికమంది చేరితే ఇలా సొంతంగా చేసుకోవాల్సిందే.

జట్టుకు నలుగురు, ఆరు జట్లు. జట్టుకో ఏ3 ప్రింటు. అన్నీ ఒకే షాపులో, ఒకే మెషీన్ మీద తీయించండి. మెరిసే లామినేషన్ వద్దు, ట్యూబ్‌లైటు దాని మీద పడి సగం గళ్లు కనబడవు. హాల్లో పసుపు దీపాలుంటే ఆపి తెల్ల దీపాలు వేయండి. పసుపు వెలుగులో లేత పసుపు గళ్లు తెల్లబోతాయి, నీలాలు మసకబారతాయి. ఎరుపు, పచ్చల తేడా సరిగా తెలియనివాళ్లు కొందరుంటారు, ముఖ్యంగా మగవాళ్లలో. జట్టుగా ఆడితే వాళ్లకీ ఇబ్బంది ఉండదు. ఎవరికని అందరిముందూ అడగకండి.

ఇక ఆట. సూచన ఇచ్చే జట్టు ఒక గడి పేరున్న చీటీ తీసి, మిగతావాళ్లకు చూపకుండా ఒకే మాట చెబుతుంది. మిగతా ఐదు జట్లూ ముప్పై సెకన్లలో గడి పేరు చీటీ మీద రాసి, అందరూ ఒక్కసారే ఎత్తి చూపాలి. నోటితో చెప్పనిస్తే రెండు నష్టాలు: ముందు చెప్పినవాళ్లను మిగతావాళ్లు అనుసరిస్తారు, గోలలో బి, డి, ఇ, జి ఒకేలా వినబడతాయి. తర్వాత రెండు మాటల సూచన, రెండో చీటీ.

మాట ఎంపికలోనే ఆటంతా ఉంది. రంగు పేరు చెప్పకూడదు. చిలకపచ్చ, ఇటుక ఎరుపు లాంటివీ కుదరవు. ముదురు, లేత అనకూడదు. గదిలో ఉన్న వస్తువును చూపకూడదు. చెప్పిన వస్తువుకు అందరి తలలోనూ ఒకే రంగు మెదలాలి. ‘ఆకాశం’ అంటే పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి. చీటీలు నాలుగైదు నిలువు వరుసల్లో చెల్లాచెదురవుతాయి. ‘చీర’ అన్నవాళ్లకు సున్నా తప్పదు. ‘జకరండా’ (ఊదా పూల చెట్టు) బెంగళూరులో పాతుకుపోయినవాళ్లకు వెంటనే తడుతుంది, నిన్ననే గుంటూరు నుంచి దిగిన అమ్మమ్మగారికి తట్టదు. ‘కనకాంబరం’ అయితే ఆవిడకీ తెలుసు, పక్క ఫ్లాటు కన్నడ పిల్లకీ తెలుసు. ‘ఉల్లిపొర’ చీరలు కొన్న అనుభవం ఉన్నవాళ్లకు బాణంలా తగులుతుంది, కుర్రాళ్ల జట్టు మాత్రం నిజం ఉల్లిపాయను తలచుకుంటుంది. ఎవరు వింటున్నారో చూసి మాట్లాడాలి. ‘బూడిద’, ‘బొగ్గు’, ‘పాలు’ వద్దు. మన బోర్డులో నలుపు, తెలుపు, బూడిద గళ్లే లేవు. గోధుమ రంగులకు విడిగా వరుస లేదని కొందరు వెతుకుతుంటారు. అవి నారింజ కింద, ముదురు వరుసల్లోనే ఉంటాయి.

రెండో సూచన మొదటిదానికి వివరణ కాదు, సవరణ. చీటీలు ఎటు పడ్డాయో చూసి ఆ తప్పును లాగాలి. గడి ఐ-3 అనుకోండి. ‘తేనె’ అన్నారు. చీటీలు ఎఫ్-3, జి-3, జి-4, హెచ్-3, జి-2 మీద పడ్డాయి. రంగు దొరికింది, వెలుగే ఎక్కువైంది. ‘బెల్లం పాకం’ అంటే రెండు మూడు వరుసలు కిందికి దిగుతారు. ఇక్కడ ‘కొండ తేనె’ అంటే సగంమంది ఉన్నచోటే కూర్చుంటారు. పడ్డ చీటీలు చూడకుండా ముందే రెండో సూచన సిద్ధం చేసుకోవడం కొత్తవాళ్లందరి అలవాటు.

లెక్క ఇలా. సరిగ్గా ఐ-3 రాస్తే 3 పాయింట్లు. చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లలో, అంటే హెచ్-2 నుంచి జె-4 దాకా గల చట్రంలో ఎక్కడైనా 2. ఆ బయటి పదహారు గళ్లలో 1. రెండు చీటీలకూ విడిగా లెక్క. పై ఉదాహరణలో మొదటి చీటీలకే హెచ్-3 జట్టుకు 2, జి వరుసలో రాసిన మూడు జట్లకూ 1 చొప్పున, ఎఫ్-3కు సున్నా. సూచన ఇచ్చిన జట్టుకు చట్రంలో పడ్డ చీటీకి ఒకటి, అయితే రెండో విడత చీటీలకు మాత్రమే. రెండు విడతలూ కలిపితే సూచన జట్టుకు పది దాకా వస్తాయి, ఊహించే జట్టుకు ఆరే గరిష్ఠం. ఆట ఒకవైపు ఒరుగుతుంది.

అంచు గళ్లను సూచన జట్టు తీసే చీటీల్లోంచి తీసేయండి. చుట్టూ గళ్లు లేనిచోట పాయింట్లు దొరకవు. పైగా 1, 20 రెండూ ఎరుపు దరిదాపులే, బోర్డులో చూస్తే చెరో చివర. సి నుంచి జె వరకు, 3 నుంచి 18 వరకు ఉంచితే 128 చీటీలు మిగులుతాయి, రాత్రంతా ఆడొచ్చు.

ఒక్కో వంతుకు మూడు నిమిషాలు. జట్టుకు రెండు వంతులంటే పన్నెండు, భోజనాల ముందు నలభై నిమిషాల్లో తేలుతుంది.

అభ్యాసం: సి-19, ఇ-7, హెచ్-13, జె-2 గళ్లకు ఒక్కోదానికి మూడు మాటలు రాసి, ఇంట్లో వేర్వేరు వయసుల ఇద్దరికి చదివి వినిపించండి. ఇద్దరూ ఒకే చట్రంలో వేలు పెట్టినవే ఉంచుకోండి. సి-19, జె-2 చీటీల్లో లేవు కదా అంటారేమో, అందుకే ఇచ్చాం: అంచున ఏమవుతుందో మీకే తెలుస్తుంది.