‘ది డర్టీ డజన్’ చూస్తున్నారా? మొదటి సగం వదలొద్దు

యుద్ధం సినిమా అనగానే పేలుళ్లెప్పుడా అని చూస్తాం. 1967లో రాబర్ట్ ఆల్డ్రిచ్ తీసిన ‘ది డర్టీ డజన్’ను అలా చూస్తే మొదటి గంటన్నర సాగదీసినట్టు ఉంటుంది. నాకు మాత్రం అసలు సినిమా అక్కడే ఉంది. నిడివి రెండున్నర గంటలు. తీరిక ఉన్న రోజే పెట్టుకోండి, ముందుకు జరపకండి.

రెండో ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్స్ తీరంలోని నార్మండీ మీద మిత్రదేశాల దాడికి ముందు, పన్నెండు మంది అమెరికన్ సైనిక ఖైదీలను మేజర్ రీస్‌మన్‌కు అప్పగిస్తారు. కొందరికి ఉరిశిక్ష పడింది, మిగతావాళ్లకు ఏళ్ల తరబడి కఠిన శిక్ష. ఫ్రాన్స్‌లో జర్మన్ అధికారులు సేదతీరే భవనం మీద వీళ్లు దాడి చేయాలి. కథ ఇంతే తెలిస్తే చాలు.

అందరి పేర్లూ గుర్తుపెట్టుకోవాలని తంటాలు పడొద్దు. ప్రతిదానికీ ఎదురుతిరిగే ఫ్రాంకో, ముక్తసరిగా మాట్లాడే వ్లాడిస్లా, నల్లజాతి సైనికుడు జెఫర్సన్, అతన్ని ద్వేషించే మాగట్... ఈ నలుగురిని పట్టుకోండి. ముఖ్యంగా మాగట్ మీద ఓ కన్నేసి ఉంచండి. మిగతావాళ్లు దగ్గరవుతున్నకొద్దీ అతను ఎంత విడిగా ఉండిపోతున్నాడో కనిపిస్తుంది.

గడ్డాల సీన్ వచ్చినప్పుడు ఫోన్ పక్కన పెట్టేయండి. చన్నీళ్లతో గడ్డం గీసుకోనని ఫ్రాంకో మొండికేస్తాడు. ఒకరంటే ఒకరికి పడనివాళ్లంతా అతనితో కలుస్తారు. రీస్‌మన్ షేవింగ్ సామానే తీయించేస్తాడు. ‘డర్టీ’ అన్న పేరు అలా వచ్చిందే. అది తిరుగుబాటే, కానీ ఆ పన్నెండు మందిదీ ఒకే మాట కావడం అదే మొదలు. జట్టు అక్కడే పుట్టిందని నా నమ్మకం.

రీస్‌మన్‌గా వేసిన లీ మార్విన్ నిజంగానే అమెరికన్ మెరీన్ దళ సైనికుడు. 1944లో పసిఫిక్ దీవి సైపాన్‌లో జరిగిన యుద్ధంలో గాయపడ్డాడు. ఆ పాత్రలో ఎక్కడా బిల్డప్ ఉండదు. ఆయన మాట్లాడకుండా మనుషుల్ని అంచనా వేసే క్షణాలు నాకు ఎంతో ఇష్టం.

దాడికి ముందు, ఎవరి పని ఏమిటో అంకెల వరసలో ప్రాస కట్టి అందరూ వల్లిస్తారు. శ్రద్ధగా వినండి. క్లైమాక్స్ గందరగోళంలో ఎవరు ఎక్కడుండాలో, ప్లాన్ ఎక్కడ తప్పిందో ఇట్టే తెలుస్తుంది, టెన్షన్ రెట్టింపవుతుంది.

చివర్లో వీళ్లు చేసే పని చూసి మనసు కలుక్కుమంటుంది. చప్పట్లు కొట్టబుద్ధి కాకపోతే కొట్టకండి. పిల్లలతో కలిసి చూసే సినిమా కాదు, పక్కన ఒక మంచి స్నేహితుడుంటే చాలు. అయిపోయాక వీళ్లలో ఎవర్ని నమ్మి వెంట వెళ్తారో ఇద్దరూ వాదించుకోవచ్చు. నా ఓటు వ్లాడిస్లాకే.