కుక్కకి ఒంట్లో బాగోలేదా? నిన్నటి కంచం ఒక్కటే చూడకండి

మా కర్రి వీధిలోంచి వచ్చి మా ఇంటిదైపోయిన నాటు కుక్క. పన్నెండు కిలోలుంటుంది. గేటు చప్పుడైతే చాలు ఇల్లెగిరిపోయేలా మొరిగేది, ఒక గురువారం పొద్దున పాలబ్బాయి వచ్చి వెళ్లినా తల ఎత్తలేదు. పెరట్లో గచ్చు మీద పోసిన మూత్రం చిక్కటి టీ డికాషన్ రంగులో ఉంది. మా అత్తగారు అక్కడికక్కడే తేల్చేశారు: "రాత్రి పెట్టిన పెరుగన్నం పులిసుంటుంది."

ఆస్పత్రిలో డాక్టరుగారు దాని పెదవి ఎత్తి చూశారు. పేరుకు తగ్గట్టే చిగుళ్లు కూడా నలుపు, ఏమీ తెలియలేదు. కింది కనురెప్పని బొటనవేలితో కిందికి లాగారు. గులాబీ రంగులో ఉండాల్సిన లోపలి పొర సున్నం కొట్టిన గోడలా ఉంది. "నిన్నటి సంగతి సరే, ఆదివారం ఏం పెట్టారమ్మా?" అన్నారు.

ఆదివారం మా ఇంట్లో బిర్యానీ. మనుషులు తినగా గిన్నె అడుగున మిగిలిన మసాలా, వేయించిన ఉల్లిపాయలు అన్నీ గీకి "పాపం, ముక్కల వాసనకి చూస్తూ కూర్చుంది" అని దానికే పెట్టాం. సోమవారం కూడా. అసలు దోషి అది. మూడు రోజుల తర్వాత బయటపడింది.

అప్పటి నుంచి కుక్కకి ఏదైనా తేడా చేస్తే ముందు గడియారం చూస్తాను. తిన్నదానికీ లక్షణానికీ మధ్య ఎంత టైము పడుతుందో తెలిస్తే సగం తెలిసినట్టే. అందుకే కింద రాసింది ఆ వరసలోనే.

అరగంట, గంట: తూలడం, వణుకు, ఉన్నట్టుండి కూలబడటం

ఇంట్లో షుగర్ లేని చూయింగ్ గమ్, పుదీనా గోళీలు, జిమ్ముకెళ్లే పిల్లల పీనట్ బటర్ డబ్బా లాంటివి ఉన్నాయా చూడండి. వాటిలో జైలిటాల్ ఉండొచ్చు. మనకి అది ఉట్టి తీపి. కుక్క ఒంట్లోకి వెళ్తే మాత్రం ఇన్సులిన్ ఒక్కసారిగా పొంగి రక్తంలో చక్కెర పడిపోతుంది. కిలో బరువుకి 0.1 గ్రాము చాలు, అంటే పది కిలోల కుక్కకి ఒక్క గ్రాము. కిలోకి 0.5 గ్రాము దాటితే కాలేయం కూడా దెబ్బతింటుంది.

లేబుల్ మీద జైలిటాల్ అని లేకపోతే 967 అంకె వెతకండి, అదే ఇది. షుగర్ ఫ్రీ అన్న ప్రతిదీ విషమని భయపడక్కర్లేదు. సుక్రలోజ్, స్టీవియా ఈ పని చేయవు. మాల్టిటాల్ వేసిన మిఠాయి తింటే మహా అయితే విరేచనాలవుతాయి.

కుక్క స్పృహలో ఉంటే చిగుళ్లకి తేనెగానీ చక్కెర పాకంగానీ రాస్తూ ఆస్పత్రికి బయల్దేరండి. దారిలో లేచి తోక ఊపినా వెనక్కి రావద్దు. కాలేయం దెబ్బ తర్వాతి రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది.

కొన్ని గంటలు: ఒక చోట నిలవదు, ఒగరుస్తుంది, గుండె దడదడ

చాక్లెట్. ఇందులో నిజం, భయం రెండూ కలిసిపోయాయి. థియోబ్రొమైన్ అనే పదార్థాన్ని కుక్క శరీరం చాలా నెమ్మదిగా వదిలించుకుంటుంది, సగం పోవడానికే దాదాపు పదిహేడు గంటలు. కానీ లెక్క ముఖ్యం. కిలో బరువుకి 20 మిల్లీగ్రాముల దగ్గర వాంతులు, ఆరాటం మొదలవుతాయి, 40 దాటితే గుండెకి, 60 దగ్గర ఫిట్స్. మిల్క్ చాక్లెట్‌లో గ్రాముకి సుమారు 2 మిల్లీగ్రాములు, డార్క్‌లో 5, అంతకంటే ఎక్కువ కూడా. పిల్లాడి చేతిలోంచి పడ్డ మిల్క్ చాక్లెట్ ముక్క పది కిలోల కుక్కని ఏమీ చేయదు. అదే కుక్క 50 గ్రాముల డార్క్ చాక్లెట్ కాగితంతో సహా మింగితే ఫోన్ తీయాల్సిందే. కేకులకి తెచ్చిన కోకో పొడి అన్నిటికంటే ఘాటు, అది అందని ఎత్తులో పెట్టండి.

పాలు తాగిస్తే విరుగుతుందన్నది ఉత్త మాట.

అదే రోజు, మర్నాడు: ఆగని వాంతులు

మే నెలలో ఈ బాధ ఎక్కువ. మామిడిపండు గుజ్జు కుక్కకి మంచిదే. టెంకే గొడవ. రసం పండు టెంక జారుడుగా ఉంటుంది కదా, ఒక్క గుటకలో దిగిపోతుంది, దిగి పేగులో అడ్డం పడుతుంది. మొక్కజొన్న కంకిదీ ఇదే కథ. గింజలు అరుగుతాయి, బెండు అరగదు.

అడ్డం పడిందని ఎలా తెలుస్తుంది? తాగిన నీళ్లు కూడా కక్కేస్తుంది, విరేచనం కాదు, పొట్ట ముట్టనివ్వదు. మన ఇళ్లలో ఇక్కడే ఆముదం సీసా బయటికొస్తుంది. వద్దు. అడ్డం ఉన్న పేగుని ఆముదం ఇంకా గట్టిగా నెట్టిస్తుంది, పేగు చిరిగే ప్రమాదం. టెంక ఎక్స్‌రేలో ఒక్కోసారి సరిగా కనిపించదు, స్కానింగ్ కూడా చేయమని అడగండి. మీ ఊళ్లో ఆ సదుపాయం లేకపోతే రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల ఆస్పత్రులున్నాయి.

వాంతులతో పాటు ముంజేతులు నేలకి ఆనించి వెనక భాగం పైకెత్తి సాష్టాంగం పెట్టబోతున్నట్టు నిలబడుతోందా? పొట్ట నొప్పికి అది గుర్తు. పండగ మర్నాడైతే క్లోమం వాచి ఉండొచ్చు. మటన్ కొవ్వు, కోడి చర్మం, మిగిలిపోయిన గారెలు, నూనె ఓడుతున్న పూరీలు దీనికి కారణం. "మాంసం వేడి చేసింది" అని మజ్జిగ పోసి ఊరుకుంటారు. వేడీ కాదు, మాంసమూ కాదు, కొవ్వు. దీనికి సెలైను, నొప్పి మందు కావాలి.

కక్కబోయినా ఏమీ రాక, పొట్ట డోలులా ఉబ్బితే మాత్రం ఇది చదవడం ఆపి ఆటో పిలవండి. పెద్ద కుక్కల్లో జీర్ణాశయం మెలిపడితే గంటల్లో ప్రాణం పోతుంది.

ఉడికించిన బొమికల గురించి ఒక మాట. కుక్కకి బొమిక పెట్టకపోతే ఇంకేం పెడతాం అంటారు. ఉడికిన కోడి బొమిక కొరికితే పుల్లల్లా చీలుతుంది, గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. గుచ్చుకోకుండా దిగినా మర్నాడు సుద్దముక్కల్లాంటి గట్టి దొడ్డి, ముక్కుతూ కూర్చోవడం. "మా కుక్క పదేళ్లుగా తింటోంది, ఏం కాలేదు" అనేవాళ్లుంటారు. హెల్మెట్ లేకుండా పదేళ్లు బండి నడిపినవాళ్లూ ఉన్నారు.

ఒకటి నుంచి మూడు రోజులు: ఒకసారి వాంతి, తర్వాత మూత్రం తగ్గిపోవడం

ఇది నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించిన సంగతి. ద్రాక్ష, కిస్‌మిస్ తిన్న కుక్కల్లో కొన్నిటికి మూత్రపిండాలు పాడవుతాయని వైద్యులకి ఎప్పటి నుంచో తెలుసు. ఎందుకో మాత్రం తెలిసేది కాదు. ఒక కుక్క గుత్తి మొత్తం తిని తిరిగేది, ఇంకోటి నాలుగు పళ్లకే మంచాన పడేది. 2021లో అమెరికాలోని ఏఎస్‌పీసీఏ జంతు విష నియంత్రణ కేంద్రం వాళ్లు దీనికి ఒక మూలం చూపించారు. పిల్లలు ఆడుకోవడానికి ఇంట్లో కలిపిన పిండిముద్ద తిన్న కుక్కకి అచ్చం ద్రాక్ష తిన్నట్టే కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆ ముద్దలో క్రీమ్ ఆఫ్ టార్టార్ ఉంది, అది టార్టారిక్ ఆమ్లపు లవణం. అంటే దోషి టార్టారిక్ ఆమ్లం కావచ్చు. ద్రాక్షలో అది రకాన్ని బట్టి, పండిన తీరుని బట్టి మారుతుంది, అందుకే ఒక్కో కుక్కకి ఒక్కో ఫలితం.

టార్టారిక్ ఆమ్లం అనగానే తెలుగువాళ్లకి తట్టాల్సింది ద్రాక్ష కాదు, చింతపండు. ద్రాక్షలో నూటికి ఒక పాలు అటూ ఇటూ ఉంటే, చింతపండు గుజ్జులో దాదాపు పదో వంతు అదే. చింతపండు తిని కిడ్నీలు దెబ్బతిన్న కుక్కల కేసులు కూడా ఆ తర్వాత వైద్య పత్రికల్లో వచ్చాయి.

అంటే అన్నంలో నాలుగు చుక్కల చారు పడిందని పరుగెత్తమని కాదు. ఒక లీటరు చారులో పడేది నిమ్మకాయంత చింతపండు. కానీ రోజూ పులుసన్నం పెట్టే అలవాటు ఉంటే మానేయండి. పులిహోర పులుసు గిన్నె నాకించడం, ఆరబెట్టిన చింతపండు దగ్గర కుక్కని వదలడం అసలే వద్దు. పాయసం, పులావులో కిస్‌మిస్ కూడా గుర్తుంచుకోండి. ఇన్ని పళ్ల వరకు పర్వాలేదు అనే కొలత లేదు.

తిన్నట్టు తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకండి. మొదటి రెండు గంటల్లో వెళ్తే డాక్టరు కక్కించగలరు. ఆలస్యమైతే రెండు మూడు రోజులు సెలైను మీద ఉంచి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో ఎంతుందో చూస్తూ ఉండాలి. వాంతి తగ్గింది కదా అని మందు ఆపేసి ఇంటికి తెచ్చుకుంటే మూడో రోజు మూత్రం ఆగుతుంది.

మూడు నుంచి ఐదు రోజులు: నీరసం, పాలిపోయిన చిగుళ్లు, ముదురు రంగు మూత్రం

మా కర్రి కేసు ఇదే. ఉల్లి, వెల్లుల్లిలోని గంధక పదార్థాలు ఎర్ర రక్తకణాలని లోపలి నుంచి పాడుచేస్తాయి. స్లైడు మీద ఆ కణాల అంచున మొటిమల్లాంటివి కనిపిస్తాయి, వాటిని హీంజ్ బాడీలంటారు. మొటిమ లేచిన కణం రోజుల్లో పగిలిపోతుంది, ఆ రంగే మూత్రంలో దిగేది. పగలడానికి టైము పడుతుంది కాబట్టే మనం అమాయకపు పెరుగన్నాన్ని పట్టుకుంటాం.

ఉడికిస్తే విషం పోతుందన్నది అబద్ధం. వేయిస్తే నీరు ఎగిరిపోయి ఇంకా చిక్కబడుతుంది. కిలోకి 15 నుంచి 30 గ్రాముల పచ్చి ఉల్లి చాలు, పన్నెండు కిలోల కర్రికి రెండు మూడు ఉల్లిపాయలు. బిర్యానీ కోసం వేయిస్తే అవి గుప్పెడవుతాయి.

వెల్లుల్లి తినిపిస్తే పిడుదులు రాలిపోతాయని మా వీధిలో సగం మంది నమ్మకం. వెల్లుల్లి ఉల్లి కంటే ఘాటైన విషం, పిడుదులకి మాత్రం చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఇంకో చిక్కుంది. పిడుదుల వల్ల వచ్చే జ్వరాల్లోనూ, ముఖ్యంగా బెబీసియాలో, ఇదే పాలిపోవడం, ఇదే రంగు మూత్రం. రెండూ కంటికి ఒకేలా ఉంటాయి, వైద్యం వేరు. కాబట్టి రక్తం స్లైడు చూడకుండా ఇంజెక్షన్ చేయించుకుని రావద్దు, తిన్న ఉల్లిపాయ గురించి సిగ్గుపడి దాచనూ వద్దు. పిడుదులకి డాక్టరు రాసిచ్చే మాత్ర గానీ మెడ మీద పోసే మందు గానీ వాడండి.

ఉల్లికి విరుగుడు మందు లేదు. సెలైను, అవసరమైతే ఇంకో కుక్క రక్తం. కర్రికి రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు, తొమ్మిదో రోజుకి మళ్లీ పాలబ్బాయి మీద మొరిగింది.

నెలలు: దొడ్డికాళ్లు, రాలే జుట్టు, పురుగులు

కూన నాలుగో నెలలో కుంటుతూ, ముందుకాళ్లు వంకర పోతుంటే "పడుంటుంది" అనుకోకండి. పాలన్నమో, ఉట్టి కోడిమాంసం అన్నమో పెడుతున్న ఇళ్లలో ఇది మామూలు. మాంసంలో భాస్వరం మెండు, కాల్షియం బహు తక్కువ. రక్తంలో కాల్షియం సరిపెట్టడానికి శరీరం ఎముకనే కరిగించుకుంటుంది. అలాగని షాపువాడిచ్చిన కాల్షియం సిరప్ సీసాల కొద్దీ పోస్తే లాబ్రడార్ లాంటి పెద్ద జాతి కూనలకి అదీ కీడే. ఎదిగే వయసు దాటేవరకు పప్పీ ఫీడ్ పెట్టడం మేలు. ఇంటి వంటే పెడతామంటే కొలత డాక్టరుతో రాయించుకోండి.

ఉప్పు తింటే జుట్టు ఊడుతుందని, అన్నం తింటే గజ్జి వస్తుందని, బెల్లం తింటే పురుగులు పడతాయని మూడు మాటలు ఇంటింటా వింటాం. మూడూ తప్పే. జుట్టు ఊడేది గజ్జి పురుగు వల్లో, ఫంగస్ వల్లో, పిడుదుల వల్లో, మాంసకృత్తులు చాలక. చర్మం గీకి మైక్రోస్కోపు కింద చూస్తే తేలిపోతుంది. కూనకి పురుగులు తల్లి కడుపులోనే, తల్లి పాలతోనే వస్తాయి. అందుకే రెండో వారం నుంచి పక్షానికోసారి నులిపురుగుల మందు. బెల్లం వల్ల వచ్చేది ఒళ్లు.

పాలు తాగితే విరేచనాలన్నది మాత్రం చాలా కుక్కల్లో నిజం, పెద్దయ్యాక పాలలోని చక్కెర అరగదు. పెరుగులో ఆ చక్కెర తక్కువ, అందుకే పడుతుంది. పచ్చి గుడ్డు బలమన్నది తిరగేసిన మాట, ఉడికించిన గుడ్డే బాగా ఒంటబడుతుంది.

కక్కించే ముందు

ఏ విషమైనా ఉప్పునీళ్లు పోసి, లేదా చింతపండు పులుసు పోసి కక్కించడం మన పల్లెల్లో పాత పద్ధతి. చింతపండు సంగతి పైన చదివారు. ఉప్పునీళ్లు పోసినా కుక్క కక్కకపోతే ఆ ఉప్పంతా రక్తంలోకి వెళ్లి మెదడుకి ఎక్కి ఫిట్స్ వస్తాయి. డాక్టరు ఫోనులో చెప్పకుండా ఏదీ పోయకండి.

ఫోన్ చేసేటప్పుడు నాలుగు విషయాలు చేతిలో ఉండాలి: కుక్క బరువు, ఏం తింది, ఎంత తింది, ఎన్నింటికి తింది. చిరిగిన కవరు ఉంటే జేబులో పెట్టుకెళ్లండి. మా ఫ్రిజ్ తలుపు మీద ఇప్పుడొక కాగితం ఉంది. కర్రికి ఎవరు ఏం పెట్టినా తేదీతో రాయాలి. మా అత్తగారి దస్తూరీతో మొన్నటి ఎంట్రీ: "ఆదివారం, ఒక ఇడ్లీ. చట్నీ లేదు."