అంటువ్యాధి రోజుల్లో ఇంటిని కాపాడే ఆడవాళ్లు తమ కోసం తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఏదైనా అంటువ్యాధి పాకుతోందని వార్త రాగానే ఇంట్లో మాస్కులు వెతికేది, సబ్బు ఉందో లేదో చూసేది, బయటి నుంచి వచ్చినవాళ్లను గుమ్మం దగ్గరే ఆపి "ముందు చేతులు కడుక్కో" అనేది ఎక్కువగా ఆడవాళ్లే. ఇది ఊరికే అనే మాట కాదు. 2020 మార్చి, ఏప్రిల్‌లలో ఎనిమిది దేశాల్లో చేసిన సర్వేలో కరోనాను తీవ్రంగా తీసుకున్నవాళ్లు, నియమాలు పాటించినవాళ్లు మగవాళ్లకంటే ఆడవాళ్లలోనే ఎక్కువగా కనిపించారు. శ్వాసకోశ అంటువ్యాధుల మీద వచ్చిన పాత అధ్యయనాలెన్నింటినో 2016లో కలిపి చూసినప్పుడు, చేతులు కడుక్కోవడం, మాస్కు పెట్టుకోవడం లాంటివి ఆడవాళ్లు పాటించే అవకాశం సుమారు 50 శాతం ఎక్కువని తేలింది. కానీ టీకాలు, మందుల విషయంలో మగవాళ్లే కొంచెం ముందున్నారు.

ఆడవాళ్లకు భయం ఎక్కువ కాబట్టే ఇలా చేస్తారని కొందరు తేలిగ్గా అనేస్తారు. నేను ఒప్పుకోను. జ్వరం వచ్చినవాళ్ల పక్కన రాత్రంతా కూర్చునేది ఎవరు? వాంతులు శుభ్రం చేసేది, పక్కబట్టలు ఉతికేది ఎవరు? ప్రపంచవ్యాప్తంగా ఆరోగ్య, సంరక్షణ రంగాల్లో పనిచేసేవాళ్లలో దాదాపు 70 శాతం మహిళలే. జబ్బును అంత దగ్గర నుంచి చూసేవాళ్లకు జాగ్రత్త ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. పైగా తనకు సోకితే పిల్లలకు, పెద్దవాళ్లకు అంటుతుందన్న ఆలోచన ఎప్పుడూ వెంటే ఉంటుంది. ఇబ్బందీ అక్కడే ఉంది. పక్కవాళ్ల కోసం తీసుకునే జాగ్రత్తలో మన ఆరోగ్యం అన్నిటికంటే వెనక్కి పోతుంది. అందుకే ఈ సూచనలన్నీ ముఖ్యంగా, రోగిని చూసుకునే మనిషి కోసం.

అన్నిటికంటే ముందు ఆ జబ్బు ఎలా పాకుతుందో కనుక్కోండి. గాలి ద్వారా వచ్చేదానికి మాస్కు, తెరిచిన కిటికీ కావాలి. నీటి ద్వారా వచ్చేదానికి మరగబెట్టిన నీళ్లు, సబ్బు కావాలి. దోమ ద్వారా వచ్చేదానికి ఒంటినిండా బట్టలు, దోమతెర కావాలి, నీళ్లు నిలవ ఉండకూడదు. అన్నిటికీ శానిటైజర్ రాసుకుంటే సరిపోదు. వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ లాంటివాటి మీద అది సరిగా పనిచేయదు, సబ్బుతో కడుక్కోవాల్సిందే.

తర్వాతిది చాలా ఇళ్లలో ఎవరూ మాట్లాడని విషయం: ఎవరికైనా జబ్బు చేస్తే చూసుకునేది ఎవరు, ఆ మనిషి కూడా పడిపోతే వాళ్ల స్థానంలో ఎవరు? జబ్బు రాకముందే ఈ రెండు పేర్లూ అనుకోవాలి. రోగి దగ్గరికి ఒక్కరే వెళ్లడం మంచిదే, సోకే అవకాశం తగ్గుతుంది. కానీ ఆ ఒక్కరు ఎప్పుడూ అమ్మే కావాలని ఎక్కడా రాసి లేదు. గర్భిణి, షుగర్ లేదా గుండె జబ్బు ఉన్నవాళ్లు, బాగా పెద్దవాళ్లు ఆ పని చేయకపోవడమే మంచిది. వీలైతే ఆ జబ్బుకు టీకా వేయించుకున్నవాళ్లు ముందుకు రావాలి. సేవ ఒకరిదైతే వంట, బట్టలు, పిల్లల పని ఇంకొకరిది కావాలి. నిద్ర లేని మనిషి మాస్కు సరిగా పెట్టుకోవడం కూడా మర్చిపోతుంది. పైన చెప్పిన 2020 సర్వేలో, జాగ్రత్తల విషయంలో ఆడ, మగ తేడా కలిసి ఉండే భార్యాభర్తల మధ్య తక్కువగా ఉందని కూడా తేలింది. కలిసి ఉంటూ మాట్లాడుకునేవాళ్ల అభిప్రాయాలు దగ్గరవుతాయి కాబట్టి, అడగడానికి మొహమాటపడకండి.

రోగి గదిలో ఉన్నంతసేపూ కిటికీ తెరిచి, వీలైతే ఇద్దరూ మాస్కు పెట్టుకోండి. మాస్కు చిన్న ముఖాలకు వదులుగా ఉంటుంది. గట్టిగా గాలి వదిలి చూడండి, ముక్కు పక్కనో బుగ్గల దగ్గరో గాలి తగిలితే సైజు మార్చండి. బయటికి వచ్చాక ముందు గ్లౌజులు తీసి, చేతులు కడుక్కుని, ఆ తర్వాత మాస్కును తాళ్లు పట్టుకుని తీయాలి. ముందు భాగం ముట్టుకోకూడదు. మళ్లీ చేతులు కడుక్కోవాలి. చాలామంది హడావిడిలో పొరపాటు చేసేది ఇక్కడే. రోగి బట్టలు దులపకండి. బ్లీచ్‌ను యాసిడ్‌తో గానీ అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో గానీ కలపకండి, విషవాయువు వస్తుంది.

గర్భిణులకు ఇంకాస్త ఎక్కువ జాగ్రత్త కావాలి. 2009 స్వైన్ ఫ్లూలోనూ, కరోనాలోనూ వాళ్లకు జబ్బు తీవ్రమయ్యే ప్రమాదం ఎక్కువగా ఉండింది. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఇ చివరి నెలల్లో ప్రాణాంతకం కావచ్చు. ఫ్లూ ఇంజెక్షన్ గర్భంలో తీసుకోవచ్చు. తట్టు, రుబెల్లా టీకా మాత్రం గర్భం రాకముందే వేయించుకుని, కనీసం నెల ఆగాలి. భయపడి చెకప్‌లు మాత్రం మానకండి. 2014లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా వ్యాపించినప్పుడు ఆసుపత్రికి వెళ్లి ప్రసవించేవాళ్లు తగ్గిపోయారు. ఎబోలా సోకకపోయినా దాని నష్టం తల్లులకూ బిడ్డలకూ తగిలింది. పాలిచ్చే తల్లికి ఫ్లూ, కరోనా లాంటివి వస్తే మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వవచ్చు. అన్ని జబ్బుల్లోనూ అలా కాదు, డాక్టర్‌ని అడగాలి.

రోజూ వేసుకునే బీపీ, థైరాయిడ్, షుగర్ మాత్రలు, గర్భనిరోధక మాత్రలు, శానిటరీ ప్యాడ్లు కనీసం రెండు వారాలకు సరిపడా ఇంట్లో పెట్టుకోండి. ఇంట్లో కొట్టే మనిషి ఉంటే, తలుపులు మూసిన రోజుల్లో ప్రమాదం పెరుగుతుంది. వెంటనే ఫోన్ చేయగల ఒక మనిషిని ముందే అనుకోండి, నంబరు కంఠతా పెట్టుకోండి.

జ్వరం ముందు మీకే వస్తే "అందరిదీ అయ్యాక చూద్దాం" అనకండి. కూర్చున్నా ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో నొప్పి, మాట తడబడటం, నీళ్లు కూడా కడుపులో నిలవకపోవడం, మూత్రం బాగా తగ్గిపోవడం కనిపిస్తే ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణికి రక్తస్రావం, విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకలు, బిడ్డ కదలిక తగ్గడం కూడా అంతే. ఈ లక్షణాలు ఇంట్లో మగవాళ్లకూ, పెద్ద పిల్లలకూ చెప్పి ఉంచండి. అప్పుడు మీరు చెప్పలేని స్థితిలో ఉన్నా గుర్తుపట్టి తీసుకెళ్లగలరు.