విండోస్ 10 ఆగిపోయిందని ల్యాప్‌టాప్ మార్చేయకండి: లైనక్స్ మింట్ వేసుకునే పద్ధతి

2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి సపోర్ట్ ఆపేసింది. అప్పటి నుంచి తెలిసినవాళ్లంతా అడుగుతున్నది ఒకటే: "ల్యాప్‌టాప్ బాగానే ఉంది, కానీ విండోస్ 11 ఎక్కదంటోంది, కొత్తది కొనాల్సిందేనా?" అక్కర్లేదు. విండోస్ బదులు అదే ల్యాప్‌టాప్‌లో లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవచ్చు. బ్యాటరీ పోతే బ్యాటరీ మార్చండి, హార్డ్ డిస్క్ మొరాయిస్తే దానికన్నా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించండి. అంతేగానీ ఒక కంపెనీ పెట్టుకున్న గడువు దాటిందని, పనిచేస్తున్న మెషీన్‌ని అటక ఎక్కించడం నాకు ఏ కోశానా న్యాయంగా అనిపించదు.

2015 నుంచి 2017 దాకా ఇంజినీరింగ్‌లో చేరిన పిల్లలకి అమ్మానాన్నలు కొనిచ్చిన ల్యాప్‌టాప్‌లే తీసుకోండి. 5వ, 6వ, 7వ తరం ఐ3 లేదా ఐ5, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. విండోస్ 11కి టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం నుంచే ఒప్పుకుంటుంది. అంటే 7వ తరం ఐ5 మీద బ్రౌజర్, యూట్యూబ్, జూమ్ అన్నీ హాయిగా నడుస్తున్నా అది పనికిరాదన్నట్టే లెక్క. ఇదంతా సెక్యూరిటీ కోసమే అంటారు, అందులో నిజం లేదని అనను, కానీ ఆ నిబంధన వల్ల 24 కోట్ల కంప్యూటర్లు చెత్తలోకి పోవచ్చని కెనాలిస్ అనే పరిశీలన సంస్థ 2023లోనే అంచనా వేసింది. పైగా 2015లో విండోస్ 10 విడుదలకి ముందు ఇదే ఆఖరి విండోస్ అని ఆ కంపెనీ ఉద్యోగి ఒకరు వేదిక మీదే చెప్పారు. డబ్బు పెట్టి కొన్నది మనం, ఎప్పుడు పక్కన పెట్టాలో చెప్పాల్సింది కూడా మనమే.

అదనపు అప్‌డేట్ల పథకం ఒకటి ఉంది, దాంట్లో చేరితే 2026 అక్టోబరు 13 వరకు విండోస్ 10కి సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. ఆలోచించుకోవడానికి టైమ్ కావాలంటే చేరండి. కానీ ఆ తర్వాతైనా ఏదో ఒకటి తేల్చుకోవాల్సిందే.

ఎవరు దీని జోలికి రాకూడదు

లైనక్స్ అంటే నాకెంత ఇష్టమున్నా ముందు ఇదే చెప్తాను, ఎందుకంటే లైనక్స్ వాడేవాళ్లు చాలామంది ఈ విషయం దాటేసి, నమ్మి వేసుకున్నవాళ్లని నడిసంద్రంలో వదిలేస్తారు. షాపులో ట్యాలీ నడిపేవాళ్లు, జీఎస్టీ కోసం డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ గుచ్చి సంతకాలు చేసేవాళ్లు, వేలిముద్ర మెషీన్‌తో పనిచేసే మీసేవ, సీఎస్‌సీ సెంటర్లవాళ్లు విండోస్‌లోనే ఉండండి. ఆ వేలిముద్ర మెషీన్లకి కావాల్సిన సాఫ్ట్‌వేర్ మామూలుగా విండోస్‌కీ ఆండ్రాయిడ్‌కీ మాత్రమే ఇస్తారు. ఫొటోషాప్, పేజ్‌మేకర్ మీద బతికే డీటీపీ వాళ్లకీ ఇదే మాట.

ప్రింటర్ కూడా చూసుకోండి. జెరాక్స్ షాపుల్లో ఎక్కడ చూసినా కనిపించే కేనన్ ఎల్‌బీపీ 2900 లైనక్స్‌లో సతాయిస్తుంది, అది క్యాప్ట్ అనే సొంత పద్ధతిలో మాట్లాడుతుంది కాబట్టి దాని డ్రైవర్ విడిగా తెచ్చి కుస్తీ పట్టాలి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020కి అంత గొడవ లేదు, హెచ్‌పీ లిప్ అనే సాఫ్ట్‌వేర్ ఒక ప్లగిన్ దించుకుంటుంది, ఆ తర్వాత ప్రింట్ వస్తుంది.

ఇవేవీ లేకుండా బ్రౌజర్, వాట్సాప్ వెబ్, ఆన్‌లైన్ క్లాసులు, సినిమాలు, ఉత్తరాలు, ఎక్సెల్ పట్టికలు, కోడింగ్ నేర్చుకోవడం ఇంతవరకే మీ పని అయితే, మీకు విండోస్ అలవాటే తప్ప అవసరం లేదు.

ఏది వేసుకోవాలి

లైనక్స్‌లో వందల రకాలున్నాయి, ఏది గొప్పదన్న దాని మీద జరిగే వాదనలకి అంతు లేదు, కొత్తవాళ్లు అక్కడే భయపడి వెనక్కి పోతారు. నేను మింట్ అంటాను, దాని మీద చర్చ పెట్టను. కింద పట్టీ, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం, అన్నీ విండోస్‌లో ఉన్నచోటే ఉంటాయి కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లకి పెద్దగా నేర్పాల్సింది ఉండదు. మింట్ 22 వరసకి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. 8 జీబీ ర్యామ్ ఉంటే సినమన్ ఎడిషన్, 4 జీబీ ఉంటే ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్ దించుకోండి. అసలు 4 జీబీవాళ్లు ఏ సిస్టమ్ వేసినా ముందు హార్డ్ డిస్క్ తీయించి సాటా ఎస్‌ఎస్‌డీ వేయించండి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో గానీ మీ ఊళ్లో సర్వీస్ షాపులో గానీ కాసేపట్లో అయిపోయే పని. మీరు చూసే వేగంలో సగం లైనక్స్ వల్ల కాకుండా దానివల్లే వస్తుంది, ఈ మాట లైనక్స్ అభిమానులకి నచ్చకపోయినా నిజం.

ముందు ఫైళ్లు కాపాడుకోండి

ఇన్‌స్టాల్ చేయడం తేలిక. పోగొట్టుకున్న ఫొటోలు తిరిగి తెచ్చుకోవడమే కష్టం. ఎక్స్‌టర్నల్ డిస్క్ మీద డాక్యుమెంట్లు, ఫొటోలు అందరూ కాపీ చేస్తారు, వదిలేసేవి వేరే ఉంటాయి: డెస్క్‌టాప్ మీద కుప్పపోసినవి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడున్న ఆధార్, మార్కుల మెమోల పీడీఎఫ్‌లు, డీ డ్రైవ్‌లో ఎవరో ఎప్పుడో పెట్టిన పెళ్లి వీడియోలు. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు గూగుల్ అకౌంట్‌కి సింక్ అయ్యాయో లేదో ఫోన్‌లో తెరిచి చూడండి. కాపీ అయ్యాక ఆ డిస్క్ తీసి వేరే కంప్యూటర్‌కి పెట్టి నాలుగు ఫైళ్లు తెరవండి. ఆ పని చేయనిదే ముందుకి పోవద్దు.

తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఇంకొకటి. అను ఫాంట్లలో టైప్ చేసిన పాత ఫైళ్లుంటే, అవి ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ కాదు, ఆ ఫాంట్ లేనిచోట తెరిస్తే అర్థం కాని గీతలు, గుర్తులు కనిపిస్తాయి. విండోస్ ఉండగానే వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోండి, కనీసం పీడీఎఫ్‌లుగానైనా దాచుకోండి.

తర్వాత సెట్టింగ్స్‌లో డిస్క్‌కి తాళం వేసే డివైస్ ఎన్‌క్రిప్షన్ లేదా బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూడండి. విండోస్‌ని పక్కనే ఉంచుకోవాలనుకుంటే ముందు దాన్ని ఆఫ్ చేసి, డీక్రిప్ట్ అయ్యేదాకా ఆగండి. బయాస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే ల్యాప్‌టాప్ సొంత సెట్టింగ్స్‌లో) చిన్న మార్పు చేసినా 48 అంకెల రికవరీ కీ అడిగే అవకాశం ఉంది, అది సాధారణంగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆఫ్ చేయండి, లేకపోతే లైనక్స్ నుంచి విండోస్ డ్రైవ్‌లోకి ఏమీ రాయనివ్వదు.

పెన్‌డ్రైవ్ తయారీ, ట్రయల్

8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి, అందులో ఉన్నదంతా పోతుంది. మింట్ అధికారిక సైట్ నుంచి సిస్టమ్ మొత్తం ఉండే ఐఎస్‌ఓ ఫైల్ దించి, రూఫస్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ తెరిచి, పెన్‌డ్రైవ్‌నీ ఐఎస్‌ఓనీ చూపించి స్టార్ట్ నొక్కితే చాలు, మిగతావి అది అడిగినట్టే ఉంచేయండి. ఎవరో వాట్సాప్‌లో పంపిన లింకు నుంచి మాత్రం దించకండి.

పెన్‌డ్రైవ్ గుచ్చి రీస్టార్ట్ చేసి, లోగో రాగానే బూట్ మెనూ కీ టకటకా నొక్కండి. డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. ఏసర్‌లో కూడా ఎఫ్12నే గానీ చాలా మోడళ్లలో ముందు ఎఫ్2తో బయాస్‌లోకి వెళ్లి ఆ మెనూని ఎనేబుల్ చేయాలి.

ఇప్పుడు మింట్ డెస్క్‌టాప్ వస్తుంది, ఇంకా ఏదీ ఇన్‌స్టాల్ కాలేదు, మీ డిస్క్ అలాగే ఉంది. తొందరపడకండి, లైనక్స్‌లో నాకు అన్నిటికన్నా నచ్చే సౌకర్యం ఇదే, కొనకముందే ఇంటికి తెచ్చి తొడుక్కుని చూసుకునే చొక్కా లాంటిది. వైఫై కలపండి. యూట్యూబ్‌లో ఒక పాట పెట్టి సౌండ్ వస్తోందా, హెడ్‌ఫోన్ గుచ్చితే అందులోకి మారుతోందా చూడండి. బ్రైట్‌నెస్ కీలు నొక్కండి. కెమెరా తెరవండి. మూత మూసి రెండు నిమిషాలాగి తెరవండి, నిద్ర నుంచి సరిగ్గా లేస్తోందా లేదా అనేది పాత ల్యాప్‌టాప్‌లలో తేడా కొట్టే చోటు. పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తోంది కాబట్టి నెమ్మదిగా ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. వైఫై కనపడకపోతే ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వస్తుంది, వైఫై డ్రైవర్ తర్వాత వేసుకోవచ్చు.

ఇన్‌స్టాల్

డెస్క్‌టాప్ మీదున్న ఇన్‌స్టాల్ ఐకాన్ నొక్కండి. భాష, కీబోర్డు అడుగుతుంది, మల్టీమీడియా కోడెక్స్ అన్నచోట టిక్ పెట్టండి. ఆగి చదవాల్సిన స్క్రీన్ ఒక్కటే, ఇన్‌స్టాలేషన్ టైప్. "ఎరేజ్ డిస్క్" అంటే విండోస్, సీ డ్రైవ్, డీ డ్రైవ్ అన్నీ పోతాయి. డీ డ్రైవ్ మిగులుతుందని అనుకునేవాళ్లు ఎక్కువ, మిగలదు, అది ఆ డిస్క్‌లోనే ఒక ముక్క. "ఎలాంగ్‌సైడ్" అంటే విండోస్ పక్కన వేస్తుంది, దానికైతే విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ముందే 60 నుంచి 100 జీబీ ఖాళీ చేసి పెట్టుకుంటే మంచిది. ల్యాప్‌టాప్‌లో డిస్కే కనపడకపోతే బయాస్‌లో స్టోరేజ్ మోడ్ రెయిడ్ లేదా ఆర్‌ఎస్‌టీ అని ఉందేమో చూడండి, దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. పక్కన విండోస్ ఉంచుకునేవాళ్లు ఆ మార్పు నేరుగా చేస్తే విండోస్ లేవదు, తెలిసినవాళ్లని పక్కన పెట్టుకుని చేయండి.

టైమ్‌జోన్ కోల్‌కతా, తర్వాత పేరు, పాస్‌వర్డ్. ఈమెయిల్ అడగదు, అకౌంట్ తెరవమనదు. మన ఇంట్లో మన కంప్యూటర్ ఆన్ చేసుకోవడానికి ఎవరి దగ్గరా ఖాతా తెరవక్కర్లేకపోవడం ఇప్పుడు వింతగా అనిపిస్తోందంటే, మనల్ని ఎంత దూరం లాక్కొచ్చారో చూడండి. స్టార్ట్ మెనూలో యాప్‌ల ప్రకటనలు, అడగకుండానే ఫైళ్లని వన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం, ఇవన్నీ డబ్బు కట్టిన కస్టమర్‌కి చేసే మర్యాదలు కావు.

రెండు సిస్టమ్‌లూ ఉంచుకున్నవాళ్లకి విండోస్‌లోకి వెళ్లినప్పుడు టైమ్ ఐదున్నర గంటలు వెనక్కి కనిపించొచ్చు. టెన్షన్ పడకండి, లైనక్స్ మెషీన్ గడియారంలో అంతర్జాతీయ సమయం రాస్తుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. టైమ్ సెట్టింగ్స్‌లో సింక్ నౌ నొక్కితే అప్పటికి సరిపోతుంది.

తెలుగు

తెలుగు చదవడానికి ఏమీ చేయక్కర్లేదు. రాయడానికి సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డు, అందులో లేఅవుట్స్, ప్లస్ గుర్తు నొక్కి తెలుగు ఎంచుకోండి. మామూలు తెలుగు అంటే ఇన్‌స్క్రిప్ట్, దాంతోపాటు కగప, సరళ అని ఇంకో రెండుంటాయి. ఇంగ్లిష్ అక్షరాలతో అమ్మ అని కొడితే తెలుగులో పడాలనుకునేవాళ్లు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐబస్ ఎమ్17ఎన్ అని వెతికి వేసుకుని, ఇన్‌పుట్ మెథడ్‌లో ఐబస్ ఎంచుకుని, ఒకసారి లాగౌట్ అయి రండి. ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, ఆపిల్ లాంటివి కనిపిస్తాయి. ఆపిల్ లేఅవుట్‌లో చేతులు పండినవాళ్లు కూడా ఇక్కడ టైప్ చేసుకోవచ్చన్నమాట.

ఫాంట్లకి గూగుల్ ఫాంట్స్ నుంచి మండలి, రామభద్ర, గురజాడ దించి, ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ నొక్కండి. లిబ్రెఆఫీస్ రైటర్ తెరిచి స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం అని రాసి, వత్తులు విడిపోకుండా కుదురుగా కూర్చున్నాయో లేదో చూసుకోండి.

ఆ తర్వాత

అప్‌డేట్ మేనేజర్ నడిపించండి, డ్రైవర్ మేనేజర్ తెరిచి వైఫైకి గానీ ఎన్‌విడియా కార్డుకి గానీ ఏదైనా చూపిస్తే వేసుకోండి. టైమ్‌షిఫ్ట్ ఆన్ చేయండి, ఏదైనా అప్‌డేట్ బెడిసికొడితే సిస్టమ్‌ని నిన్నటి స్థితికి తెస్తుంది. అయితే అది మామూలుగా మీ ఫొటోలు, డాక్యుమెంట్లు దాచదు, వాటి బ్యాకప్ మీరే చూసుకోవాలి. యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని అర్థం కాని కమాండ్లు టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) అంటించకండి, పాస్‌వర్డ్ అడిగే కమాండ్ అయితే అస్సలు వద్దు. ఇంట్లో వాడుకోవడానికి టెర్మినల్ అవసరం చాలా అరుదుగా వస్తుంది.

నచ్చకపోతే వెనక్కి రావచ్చు. అదే ల్యాప్‌టాప్‌లో యాక్టివేట్ అయిన విండోస్ 10 లైసెన్స్ ఆ మెషీన్‌కే ముడిపడి ఉంటుంది కాబట్టి, మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో ఇంకో పెన్‌డ్రైవ్ తయారుచేసి మళ్లీ వేసుకుంటే సాధారణంగా కీ అడగదు.

ఎక్కడైనా ఆగిపోతే "పనిచేయట్లేదు" అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. మింట్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ (పాత వెర్షన్లలో సిస్టమ్ రిపోర్ట్స్) తెరిచి కాపీ నొక్కితే మోడల్, ప్రాసెసర్, వైఫై చిప్ వివరాలన్నీ వస్తాయి, అవి పెట్టి, ఏం చేయబోతే ఏం వచ్చిందో చెప్పి అడగండి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థవాళ్లు ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీద, తెలుగు మీద పనిచేస్తున్నారు, చాలా ఇంజినీరింగ్ కాలేజీల్లో వాళ్లతో కలిసి నడిచే విద్యార్థి బృందాలున్నాయి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే ముందు వాళ్లనే అడగండి, ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే పని అయిపోతుంది.